జూన్ 12కి ముందు: ఒకటో తరగతికి పిల్లల్ని ఇంటి దగ్గర ఎలా సిద్ధం చేయాలి

సంక్రాంతి వెళ్ళిన మర్నాటి నుంచే మా బడి గుమ్మం దగ్గర ఒక ప్రశ్న మొదలవుతుంది. "మేడంగారండీ, మా గుంటడికి అఆలు మొత్తం వచ్చేసినాయి. ఈ ఏడు ఒకట్లో ఏసీమంటారా?" శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట చుట్టుపక్కల బడుల్లో 22 ఏళ్లుగా ఒకటో తరగతికి చెబుతున్నాను. అఆల సంగతి చెప్పినవాళ్లే అందరూ. "మావోడికి నిక్కరు విప్పుకోవడం వచ్చండీ" అని చెప్పినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో. బడి తెరిచాక మొదటి నెలంతా నేను పడే అవస్థ మాత్రం ఆ రెండో విషయంతోనే.

సంక్రాంతికి మొదలుపెడితే, జూన్ 12న బడి తెరిచేలోగా మీ చేతిలో ఐదు నెలలుంటాయి. రోజుకు అరగంట చాలు, అదీ వంటపనిలోనో పొలం గట్టు మీదో కలిసిపోయే అరగంట. కొనాల్సింది ఏమీ లేదు.

ముందు వారం రోజులు ఊరికే చూడండి

నేర్పడానికి కూర్చోకండి. చూడండి, అంతే. తన పేరు, అమ్మ పేరు, ఊరి పేరు కొత్తవాళ్లకు చెప్పగలుగుతున్నాడా? "వంటింట్లోకి వెళ్ళి గ్లాసు తెచ్చి తాతకియ్యి" అంటే మధ్యలో మరిచిపోకుండా చేస్తున్నాడా? ముద్ద తనే కలుపుకుని తింటున్నాడా? దొడ్డికి వస్తోందని ముందే చెబుతున్నాడా, అయ్యాక చెబుతున్నాడా? మీరు కనపడకపోతే రెండు గంటలు ఉండగలడా? నిన్న జరిగింది ఈ రోజు మూడు మాటల్లో చెప్పగలడా? రానివి గోడ క్యాలెండరు వెనక రాసిపెట్టుకోండి. ఐదు నెలల సిలబస్ అదే. పెద్దమ్మ మనవరాలు ఏం చేస్తోందో అందులో రాయకండి.

వయసు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న కాలాన్నంతా ఒకే పునాది దశగా చూసింది. అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీలోనో ప్రీ ప్రైమరీలోనో గడిచి, ఆరేళ్లకు ఒకటో తరగతి రావాలన్నది దాని లెక్క. మీ పిల్లాడి పుట్టిన తేదీ పట్టుకెళ్ళి బడి హెడ్మాస్టరుకు చూపించండి, ఈ ఏడు చేర్చుకుంటారో లేదో ఆయన చెబుతారు. నాలుగు నెలలు తక్కువైందని తేదీ దిద్దించే పని మాత్రం పెట్టుకోవద్దు. మా తరంలో జూన్‌లోనో జూలై 1నో పుట్టినవాళ్లు ఇంతమంది ఎందుకున్నారంటే, అప్పటి మాస్టార్లు రిజిస్టరులో ఏదో ఒక తేదీ వేసేసేవారు కాబట్టి. ఇప్పుడు ఆధార్‌లో ఒకటి, జనన ధ్రువపత్రంలో ఒకటి ఉంటే పదో తరగతి దాకా తిరగాల్సింది మీరే.

అంగన్‌వాడీకి రోజూ పంపండి, గుడ్డు రోజు మాత్రమే కాదు

అంగన్‌వాడీలు నడిచేది ఐసీడీఎస్, అంటే సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద. అది 1975 అక్టోబరు 2న మొదలైంది. అందులో ఆరు సేవలున్నాయి: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపించడం, తల్లులకు ఆరోగ్య విషయాలు చెప్పడం, ఆరోది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు. ఊళ్లలో తిండి ఒక్కటే గుర్తుంది. మధ్యాహ్నం భోజనం వేళకు పిల్లాణ్ణి తీసుకొచ్చి, తినగానే చంకనేసుకుని వెళ్ళిపోయే నాన్నమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పాపం వాళ్లదీ తప్పు కాదు, అక్కడ చదువు కూడా ఉందని ఎవరూ చెప్పలేదు.

మన రాష్ట్రంలో అంగన్‌వాడీ చదువును పీపీ1, పీపీ2 (ప్రీ ప్రైమరీ ఒకటి, రెండు) అని రెండు మెట్లు చేశారు. చాలాచోట్ల ఆ కేంద్రాన్ని ప్రాథమిక పాఠశాల ఆవరణలోకే తెచ్చారు. దీనివల్ల మీకొక లాభం ఉంది: ఆ గేటు, ఆ చెట్టు, ఆ కుళాయి పిల్లాడికి ఏడాది ముందే అలవాటవుతాయి. 2023 మేలో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' అని మొదలుపెట్టి, తిండితో పాటు చదువు కూడా చెప్పేలా అంగన్‌వాడీ కార్యకర్తలకు శిక్షణ ఇస్తోంది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల వాళ్ల కోసం 'ఆధార్‌శిల' అనే పాఠ్య ప్రణాళిక వచ్చింది. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. మీ ఊరి కేంద్రంలో ఎంత జరుగుతోందో తెలియాలంటే మీరే వెళ్ళాలి.

ఎలా వెళ్ళాలి? తగువుకు వెళ్ళినట్టు వెళ్ళకండి. ఆ టీచరు రిజిస్టర్లు రాయాలి, ఫోనులో పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో పిల్లల వివరాలు నింపాలి, బరువులు తూయాలి, మీటింగులకు పోవాలి, మధ్యలో పిల్లలకు చెప్పాలి. పొద్దున్నే పిల్లాణ్ణి దింపి ఒక పావుగంట అక్కడే ఉండండి. "ఈ వారం ఏం ఆడిస్తున్నారమ్మా, ఇంటికాడ మేమూ అదే ఆడిస్తాం" అనండి. నేను చూసినంతలో ఈ ఒక్క ప్రశ్న చేసే పని ఏ ఫిర్యాదూ చేయదు. నెలకోసారి తల్లిదండ్రులతో ఈసీసీఈ డే, అంటే చిన్నపిల్లల సంరక్షణ, చదువుల రోజు జరపాలన్న నియమం ఉంది. అదెప్పుడో అడిగి, ఆ రోజు కూలికి వెళ్ళినా ఒక గంట వచ్చి కూర్చోండి. నలుగురు తల్లులు క్రమంగా వస్తుంటే టీచరమ్మకూ ఊపొస్తుంది.

చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్ళే కుటుంబాలకు ఒక మాట. పిల్లల్ని వెంట తీసుకెళ్తుంటే వెళ్ళే ముందు అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. పోషణ్ ట్రాకర్‌లో పేరు ఉంటే, మీరు వెళ్ళే చోటి కేంద్రానికి మార్పించుకునే వీలుంది.

ఇంటి మాటను సరిదిద్దకండి, పెంచండి

మూడేళ్ల కిందట మా తరగతిలో ఒక పాప. విత్తనాల బొమ్మ ఉన్న కార్డు చూపించి "ఇవేంటమ్మా?" అన్నాను. మాట్లాడలేదు. మళ్ళీ అడిగాను. తల దించుకుంది. పక్కనున్న పిల్లాడు "గింజలు మేడం" అన్నాడు. అప్పుడా పాప, నాకొక్కదానికే వినబడేలా, "పిక్కలు" అంది. తనకు మొదటి నుంచీ తెలుసు. "బళ్ళో అలా మాట్లాడకు, నవ్వుతారు" అని ఇంట్లో ఎవరో చెప్పి పంపారు. తెలిసిన మాటను దాచుకోవడం నేర్చుకుని వచ్చింది. ఆ దాచుకోవడం మాన్పించడానికి నాకు దసరా దాకా పట్టింది.

చోడి అనే పిల్లకు రాగి అనడం వారంలో వస్తుంది. "ఏటి" అనేవాడు "ఏమిటి" అనడం కూడా అంతే. నోరు మూసుకున్న పిల్లను మాట్లాడించడం అంత తేలిక కాదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది మన దగ్గరే, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863లో. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర పిల్లలకు సవర మాటల్లోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు, తన డబ్బుతో బళ్లు పెట్టారు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు, కొండవైపు సవర మాట్లాడేవాళ్లున్నారు. అక్కడి తల్లులకూ నేను చెప్పేది ఇదే. మీ భాషలోనే కబుర్లు చెప్పండి, తెలుగు పక్కన వచ్చి చేరుతుంది.

ఇక పని ఏమిటంటే, రోజుకు ఒక్కసారైనా జరిగినదాన్ని తిరిగి చెప్పించండి. రథసప్తమికి అరసవల్లి వెళ్ళొచ్చారనుకోండి, ఇంట్లో ఉండిపోయిన తాత దగ్గర కూర్చోబెట్టి "ఏం చూశావో తాతకు చెప్పు" అనండి. "జనం" అని ఊరుకుంటే "తర్వాత?" అనండి. "లైను... నాన్న ఎత్తుకున్నాడు... చెప్పులు పోయినాయి" అంటూ వస్తుంది. వరస తప్పినా దిద్దకండి. అలాగే రాత్రి ఒకే కథను నాలుగు రోజులు చెప్పండి. మీకు విసుగు, వాళ్లకు కాదు. ఐదో రోజు మధ్యలో ఆపేయండి, మిగతాది వాళ్లు చెబుతారు. పైన, కింద, ముందు, వెనక, పక్కన, లోపల అనే మాటలు పనులు చెప్పేటప్పుడు కావాలని వాడండి. తరగతిలో రోజంతా నేను వాడేవి అవే.

ఫోను సంగతి. చేతికి ఇస్తేనే ముద్ద దిగుతుందంటారు. ఒక్కసారిగా లాక్కుంటే ఇల్లు రణరంగమవుతుంది. ముందు రాత్రి భోజనానికి మాత్రం తీసేయండి, పది రోజులు ఓర్చుకోండి, తర్వాత పగలు. తండ్రి వేట కోసం గుజరాత్ వెరావల్‌లో ఉన్న ఇళ్లలో, చెన్నైలో మేస్త్రీ పనికి వెళ్ళిన ఇళ్లలో ఆ ఫోనే పిల్లాడికి నాన్న. అక్కడ వీడియో కాల్ ఆపమని నేననను. "తిన్నావా, పడుకున్నావా"తో పెట్టేయకుండా, "ఈ రోజు వలలో ఏం పడ్డాయో తెలుసా" అని నాన్నను కథలాగా చెప్పమనండి.

పెన్సిలు కంటే ముందు వేళ్లు

ఇది నా ఇంట్లో జరిగిన ముచ్చట. మా చిన్నవాణ్ణి మూడేళ్లకే పట్నంలో ఒక ప్రైవేటు బడిలో వేశాం. టీచరునై ఉండి నేనే వేశాను, ఏం చెప్పను! రోజూ హోంవర్కు, నాలుగు పేజీలు. రాత్రి తొమ్మిదింటికి వాడు ఏడుస్తూ, నేను చెయ్యి పట్టి దిద్దిస్తూ. ఒకరోజు బియ్యం కొలవడానికి డబ్బాలో చెయ్యి పెడితే పెన్సిళ్లు తగిలాయి. మూడు. అన్నీ ములుకులు విరిగి ఉన్నాయి. నన్ను చూసి వాడు తలుపు వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ ఏడు మాన్పించేశాం. తర్వాత రెండేళ్ల పాటు కాగితం చూస్తే చాలు "చెయ్యి నొప్పి" అనేవాడు. ఇప్పుడు బాగానే రాస్తాడనుకోండి. కానీ ఆ బియ్యం డబ్బా నేను మరిచిపోలేదు.

మూడు నాలుగేళ్ల వయసులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. ఆ చేతికి గీతల మధ్య రాయడం కాదు, పిండడం, చింపడం, గిల్లడం, ఒలవడం కావాలి. మన ఇళ్లలో ఆ పనులకు కొదవ లేదు. కందికాయలు ఒలిపించండి. ఎండాకాలం చింతపండు పిక్క తీసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. చోడిపిండి ముద్ద ఒకటి చేతికిచ్చి పామూ కుక్కపిల్లా చేయమనండి. పాత పేపరు సన్నగా చింపనివ్వండి. చొక్కా గుండీలు తనే పెట్టుకోనివ్వండి, బస్సుకు టైమైపోతున్నా సరే.

వీటన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ముగ్గు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పిండి పట్టుకుని సన్నగా వదలడం చూడండి, పెన్సిలు పట్టు అచ్చం అదే. చుక్క నుంచి చుక్కకు గీత లాగడం వచ్చిందంటే సగం రాత వచ్చినట్టే. మగపిల్లాడితో ముగ్గేయిస్తే నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి.

అక్షరాలు చెప్పొద్దని నేననడం లేదు. మొదట పిల్ల పేరు పెద్ద అక్షరాల్లో రాసి తలుపుకు అంటించండి. తన పేరులోని అక్షరం దుకాణం బోర్డు మీదో బస్సు మీదో కనిపిస్తే "అదిగో నా అక్షరం" అంటుంది. అక్కడి నుంచి పలక మీద లావు సుద్దతో, గచ్చు మీద తడివేలితో, ఎంతసేపు ఇష్టమైతే అంతసేపే.

లెక్కలకు చింతపిక్కలు చాలు

వంద దాకా గడగడా అప్పజెప్పినవాణ్ణి "ఆరు పిక్కలియ్యి బాబూ" అంటే గుప్పెడు తీసిచ్చేస్తాడు. అంకెలు పాటలాగా వచ్చాయి, లెక్క రాలేదు. భోజనాల వేళ "మనం ఎందరం? అన్ని కంచాలు పెట్టు" అనండి. మనిషికొకటి చొప్పున పెట్టడం వస్తే చాలు. పది లోపు బాగా వస్తే ఒకటో తరగతికి కావలసినంత వచ్చినట్టే.

దొడ్డి, అన్నం, చెప్పులు

మొదటి నెలలో ప్రతి ఏడూ ఒక పిల్లాడుంటాడు. పదకొండింటికి కాళ్లు మెలిపెడతాడు. అడగడు. పన్నెండుకు తడిసిపోతుంది. మిగతావాళ్లు నవ్వుతారు. మర్నాడు బడికి రాడు. వాడికి చదువంటే భయమని ఇంట్లో అనుకుంటారు.

దీనికి మందు మార్చి నుంచే వేయాలి. "మేడం, ఒంటేలుకెళ్తాను" అనే మాటను పెద్దగా, నలుగురిలో చెప్పించి అలవాటు చేయండి, చుట్టాలింట్లో అయినా సరే. హుక్కు, జిప్పు ఉన్నవి వద్దు, ఎలాస్టిక్ నిక్కరు వేయండి. ఎవరూ పక్కన లేకుండా మరుగుదొడ్డిలో కూర్చోవడం, నీళ్లు పోయడం, కడుక్కోవడం, సబ్బుతో చేతులు కడగడం ఈ నాలుగూ వరసగా రోజూ అదే వేళకు చేయించండి. ఇంట్లో బయటికి వెళ్ళడమే అలవాటైతే, బడిలో తలుపు మూసిన చీకటి గదంటే భయపడతారు. ఆ తలుపు కొంచెం ఓరగా వేసుకోవచ్చని చెప్పండి.

తినిపించడం ఏప్రిల్‌కల్లా ఆపేయండి. బడిలో డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనం వరుసలో కూర్చుని తినాలి. కింద పడితే పడనివ్వండి. చెప్పులు కుడి ఎడమ మారినా ఫరవాలేదు, తన చెప్పులు గుర్తుపడితే చాలు.

చెవి, కన్ను, పొట్ట

పలకడు, చెప్పింది వినడు, మొండి అని ముద్ర పడ్డ పిల్లల్లో కొందరికి చెవిలో చీము కారుతుండటం నేను చూశాను. వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరగకపోతే డాక్టరుకు చూపించండి. టీవీకి మరీ దగ్గరగా కూర్చునేవాళ్లకు కళ్లు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి. ఎప్పుడొస్తారో ముందే కనుక్కుని ఆ రోజు పిల్లాణ్ణి తప్పక పంపండి. మాట ఆలస్యమైనా, నడక తేడాగా ఉన్నా చెప్పడానికి అదే సమయం. ఖర్చు లేకుండా పై ఆసుపత్రికి పంపుతారు.

ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల నివారణ దినాలు. ఆ రోజు ఆల్బెండజోల్ మాత్ర నమలి మింగాలి, ఊరికే మింగించకండి. ఐదు నుంచి ఆరేళ్ల మధ్య వేసే డీపీటీ రెండో బూస్టరును చాలామంది మరిచిపోతారు, చిన్నప్పటి టీకాలతో అయిపోయిందనుకుంటారు. టీకాల కార్డు వెతికి ఏఎన్ఎంకు చూపించండి.

కాగితాలు

ఒక ప్లాస్టిక్ కవరు తీసుకుని జనన ధ్రువపత్రం, పిల్ల ఆధార్, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పుస్తకం, టీకాల కార్డు అందులో వేసేయండి. పేరు అన్నిటిలో ఒకేలా ఉందో లేదో చూడండి. ఐదేళ్లు నిండాక పిల్లల ఆధార్‌కు వేలిముద్రలు, కనుపాపలు ఇవ్వాలి. జూన్‌లో రద్దీ, వేసవిలోనే ఆ పని కానివ్వండి. జనన ధ్రువపత్రం లేదని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదు, చేర్చుకోవడానికి పరీక్షలు పెట్టకూడదు. 2009 విద్యాహక్కు చట్టంలో రెండూ ఉన్నాయి. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు కూడా ఆ చట్టం కిందే.

రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం 2025లో మొదలైంది. ఒకటో తరగతి నుంచి పిల్లకు 15,000 రూపాయల చొప్పున, అందులో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. ఖాతాకు ఆధార్ అనుసంధానం అయి ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. ఈ డబ్బు కోసం వయసు రానివాణ్ణి ఒకటిలోకి తోసే ఇళ్లను చూశాను. వాళ్ల అవసరం నాకు తెలుసు, అయినా వద్దనే చెబుతాను. అంగన్‌వాడీలో ఇంకో ఏడు ఆడుకున్న పిల్లాడు తర్వాత గట్టిగా నిలబడతాడు. బ్యాగూ బూట్లూ యూనిఫాం ప్రభుత్వ బడిలో ఇస్తారు కాబట్టి మేలో వాటికి అప్పు చేయకండి.

బడి తెరిచాక

ఏప్రిల్‌లో సెలవులివ్వకముందే ఒకసారి పిల్లను తీసుకుని మా గదికి రండి. ఎక్కడ కూర్చుంటుందో, నీళ్లు ఎక్కడో, మరుగుదొడ్డి ఎక్కడో చూపించి తీసుకెళ్ళండి. పది నిమిషాల పని.

మొదటి మూడు నెలలు రాత తక్కువగా ఉంటే కంగారు పడొద్దు. 2021లో వచ్చిన 'విద్యా ప్రవేశ్' ప్రకారం ఒకటో తరగతి మొదటి మూడు నెలలు ఆటలతో అలవాటు చేయడానికే. "పక్కింటోడు కాన్వెంటులో అప్పుడే వాక్యాలు రాసేస్తున్నాడు" అని జూలైలో నా దగ్గరకు వచ్చేవాళ్లకు బియ్యం డబ్బా కథ చెబుతుంటాను.

వదిలి వెళ్ళేటప్పుడు కళ్లుగప్పి పారిపోకండి. అలా ఒక్కసారి చేస్తే వారం రోజులు కిటికీ వైపే చూస్తూ కూర్చుంటారు. "బువ్వ తిన్నాక, ఇంకో ఆట ఆడాక వస్తాను" అని చెప్పి, చెప్పిన వేళకే రండి. ఏడుస్తారు. మీరు మూల తిరిగిన ఐదు నిమిషాలకు చాలామంది ఆపేస్తారు, అది మీకు కనబడదు. మొదటి పదిహేను రోజులు బ్యాగులో ఒక నిక్కరు ఎక్కువ పెట్టండి. ఎక్కడ పెట్టారో పిల్లాడికీ చెప్పండి, నాకూ చెప్పండి.